చల్లారితే అదే దిగుతుంది

నా భార్య కడుపులో బిడ్డ లేదని చెప్పడానికి డాక్టరమ్మ మందుల చీటీ వెనక ఒక బొమ్మ గీసింది. మొదట ఒక పెద్ద గుండ్రం. దాని నిండా చిన్న చిన్న గుండ్రాలు, ఒకదాన్నొకటి ఆనుకుని, గుత్తిలా గీసుకుంటూ పోయింది. నేను ముందుకు వంగి, ఆ చిన్నవాటిలో బిడ్డ ఏదా అని వెతుకుతున్నాను.

"ఇందులో పాప ఎక్కడుందండీ?" అన్నాను.

"లేదు" అంది ఆమె. "మావి ఒక్కటే పెరిగింది. అది కూడా సరిగ్గా పెరగలేదు, ఇలా నీటిబుడగల్లా ఉబ్బింది. దీన్ని ముత్యాల గర్భం అంటారు. బిడ్డ మొదటినుంచీ లేదు."

తెర వెనక మంచం మీద నా భార్య స్కానింగు కోసం పొట్టకి పూసిన జిగురు తుడుచుకుంటోంది. మూడున్నర నెలలకే ఐదు నెలల పొట్ట. మా అమ్మ కవలలని తీర్మానించేసి, రెండు ఉయ్యాలలు ఎక్కడ కట్టాలా అని దూలాల వంక చూస్తూ తిరుగుతోంది. వాంతులు మాత్రం మంచినీళ్ళు తాగినా ఆగేవి కావు.

"కదిలినట్టు అనిపించిందే డాక్టరమ్మా" అంది తెర వెనకనుంచి.

"అనిపిస్తుందమ్మా" అంది డాక్టరమ్మ. అంతకన్నా ఏమంటుంది.

తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఆ బుడగలు ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయట. గర్భం వచ్చిందో లేదో మూత్రంతో చూసుకునే పరీక్షలో గీతలుగా కనబడేది అదేనట. "నీకిప్పుడు రెండు లక్షల నలభై వేలుంది. శుభ్రం చేశాక వారం వారం రక్తపరీక్ష చేస్తాం. ఐదు లోపుకి రావాలి. వచ్చాక కూడా ఆరు నెలలు చూస్తూనే ఉండాలి. ఎక్కడన్నా కొంచెం మిగిలిపోయి మళ్ళీ పెరిగితే ఊపిరితిత్తులదాకా పాకుతుంది. ఈలోపు గర్భం రాకూడదు. వస్తే అంకె దేనివల్ల పెరిగిందో మాకు తెలీదు. అర్థమైందా?"

"అర్థమైందండీ" అన్నాను. రెండోసారి అడిగింది. రెండోసారీ అదే అన్నాను.

నాకిప్పుడు యాభై మూడు. అప్పుడు ఇరవై తొమ్మిది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి లేతు మిషను ముందు నిలబడ్డవాణ్ణి. చదువుకున్నవాళ్ళు ఏదైనా చెప్తే అర్థం కాకపోయినా అయిందనడం అప్పటికే నా నోటికి అలవాటు. అర్థం కాలేదంటే ఇంకోసారి చెప్తారు, రెండోసారి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. ఆ మారిన గొంతు వినడం నాకు చిన్నప్పటినుంచీ పడదు.

ఎండలు ముదరకముందు మొదలైన సంగతి ఇది. వానలు తగ్గేలోపు అయిపోయింది. ఇన్నేళ్ళయినా మా ఇంట్లో ఏ మాట ఎక్కడ ఆగిపోయినా అది ఆ ఆరేడు నెలల దగ్గరే ఆగుతుంది.

శుభ్రం చేయించి ఇంటికి తీసుకొచ్చాం. మా ఇల్లు టైర్ల షాపు వెనక రెండు గదులు. ముందు గదిలో మా అమ్మ, నా భార్య కుట్టుమిషను. వెనక గదిలో మేమిద్దరం. డాక్టరమ్మ చెప్పిందంతా మా అమ్మకి చెప్పాను. "ముత్యాలా?" అంది ఆవిడ. "ఎంత మంచి పేరు పెట్టారమ్మా. మెడలో వేసుకుందామంటే ఒక్కటి లేదు, కడుపునిండా మాత్రం పోశారు."

నా భార్య నవ్వింది. ఆపరేషనయ్యాక అదే మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూనే దుప్పటి మొహం మీదకి లాక్కుంది. దుప్పటి కింద భుజాలు అదురుతుంటే అది నవ్వు కాదని ఇద్దరికీ తెలిసింది. మా అమ్మ పక్కన కూర్చుని, "ఏడవమ్మాయ్, ఏడువు. దేనికి ఏడవాలో మాత్రం నాకూ తెలీడం లేదు" అంది. నిజమే. పోయినవాళ్ళెవరూ లేరు. ఉన్నారనుకున్న మూడు నెలలే పోయాయి.

ప్రతి గురువారం ఆస్పత్రి. పొద్దున్నే మొదటి బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. రక్తం తీసే ఆవిడ నా భార్యని దూరంనుంచే చూసి, "రా తల్లీ రా, నీ చెయ్యి నాకు కంఠతా వచ్చేసింది" అనేది. అంకె మర్నాడు తెలిసేది. మొదటి వారం పన్నెండు వేలు. రెండో వారం రెండు వేల చిల్లర. తర్వాత ఆరొందల నలభై, నూటడెబ్భై, అరవై రెండు. నా భార్య పన్నెండో తరగతిదాకా చదివింది. ప్రతి అంకెనీ ఆస్పత్రి ఫైలు అట్ట మీద ఒకదాని కింద ఒకటి తనే రాసేది. అవి అలా దిగుతుంటే ఇంట్లో గాలి కూడా కొంచెం తేలికైంది. మా అమ్మ మళ్ళీ ఎదురింటివాళ్ళతో కుళాయి దగ్గర కొట్లాడ్డం మొదలుపెట్టింది. మా ఇంట్లో అంతా బాగుందనడానికి అదొక్కటే గుర్తు.

తర్వాతి వారం ఇరవై. ఆ తర్వాతి వారం పద్దెనిమిది.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మాది నీళ్ళ పంపుల్లో తిరిగే ఇనప కడ్డీలు, షాఫ్టులు, కోసి చేసే వర్క్‌షాపు. రేకుల షెడ్డు, నాలుగు లేతులు, కింద ఎప్పుడూ చుట్టలు చుట్టలుగా ఇనప తురుము. మా ఫోర్‌మన్‌ని ఆయన వెనక అందరం వెంట్రుకాయన అనేవాళ్ళం. తలమీద ఒక్కటీ లేదు గానీ నోట్లో మాత్రం ఎప్పుడూ అదే. "వెంట్రుకంత తియ్యి. ఇక్కడ వెంట్రుకంత వదులు." నాకు పని నేర్పింది ఆయనే. ఆయన నేర్పిన మొదటి సంగతి, వేడిమీదున్న షాఫ్టుని నమ్మొద్దని. టూలు తగులుతుంటే ఇనుము కాలి ఉబ్బుతుంది. అప్పుడు కొలిస్తే కొలత ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుంది కదా అని కొత్తవాడు ఇంకో కోత వేస్తాడు. చల్లారాక చూస్తే సన్నబడిపోయి బేరింగులో గలగలలాడుతుంది. పని తెలిసినవాడు వెంట్రుకంత ఎక్కువ ఉండగానే మిషను ఆపేసి, షాఫ్టు పక్కన పెట్టేసి, టీ తాగొస్తాడు. చల్లారితే అదే కొలతకి దిగుతుంది. చెయ్యి పెట్టకుండా ఆగడమే మా దగ్గర పనితనం.

ఆ శుక్రవారం వెంట్రుకాయన కళ్ళజోడు నుదుటిమీదకి తోసుకుని, "మీ ఆవిడది ఎంతొచ్చిందిరా?" అన్నాడు.

"పద్దెనిమిదండీ."

"ఎక్కణ్ణుంచి మొదలైంది?"

"రెండు లక్షల నలభై వేలు."

"రెండు లక్షల నలభై వేల్లోంచి పద్దెనిమిదా? ఒరేయ్, ఆ షాఫ్టు నా బల్ల మీదకొస్తే నేను కొలవడానికి మైక్రోమీటరు కూడా తియ్యన్రా. సుద్దముక్కతో టిక్కు పెట్టి పంపించేస్తా."

"ఐదు లోపుకి రావాలంటున్నారండీ."

"వస్తుందిరా. మొన్ననే కదా కోత పడింది, ఇంకా వేడి మీదుంది. చల్లారితే అదే దిగుతుంది."

పక్క మిషను మీదున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాలో ఎక్కడో సరిగ్గా కూర్చుంది. ఆస్పత్రిలో విన్నవన్నీ అప్పటిదాకా గాల్లో తేలుతుండేవి. ఈ మాట చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు. ఇరవై నుంచి పద్దెనిమిదికి రావడానికి వారం పట్టిందంటే నాకు భయం వెయ్యలేదు. ఇనుమూ అంతే, మొదట గబగబా చల్లారుతుంది, చివర్లో నెమ్మదిస్తుంది. అంతా నా లెక్కకి సరిపోయింది.

దానికి తోడు వారంలోనే నీళ్ళ సరఫరా వాళ్ళ అర్జంటు ఆర్డరొచ్చింది. ఎండలకి ఊరంతా పంపులు కాలిపోతున్నాయి, అరవై షాఫ్టులు కావాలి. ఓనరు, "గురువారాలూ శుక్రవారాలూ నాకు తెలీదు, మనుషులు మిషన్ల దగ్గర ఉండాలి" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన అనకపోయినా నేను ఆపేవాణ్ణే.

బుధవారం సాయంత్రం నేను కాళ్ళు కడుక్కుంటుంటే నా భార్య తువ్వాలందిస్తూ, "రేపు గురువారం" అంది.

"ఈ వారం వద్దులే."

"మరి డాక్టరమ్మ..."

"డాక్టరమ్మకేం, రమ్మంటూనే ఉంటుంది. పద్దెనిమిదికి వచ్చింది కదా, ఇంకా దేనికి పొడిపించుకోవడం? చెయ్యి చూసుకో ఒకసారి, జల్లెడలా అయింది."

"పోనీ నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను."

"నేను వద్దని చెప్తున్నా కదా. అదే దిగుతుంది. కొన్ని వాటంతట అవే దిగాలి, మనం చెయ్యి పెట్టకూడదు."

ముందు గదిలో మా అమ్మ వింటోంది. నా భార్య మోచేతి లోపలి నల్లమచ్చల్ని వేలితో నిమురుకుంది. "నిజంగా దిగుతుందంటారా?" అంది. తనకీ నమ్మాలనే ఉంది. ఈ మాట నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పడం లేదు. ఆరోజు ఆ మొహం చూసినవాళ్ళెవరైనా అదే చెప్తారు.

"దిగుతుంది" అన్నాను.

ఒక గురువారం పోయింది. రెండు పోయాయి. నాలుగు పోయాయి. గర్భం రాకుండా ఇచ్చిన మాత్రలు అయిపోతే మళ్ళీ తెచ్చుకోలేదు. అరవై షాఫ్టుల్లో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. వెంట్రుకాయన అందరిముందూ నా వీపు తట్టాడు.

ఐదో వారం ఆమెకి మళ్ళీ వాంతులు పట్టుకున్నాయి.

మా అమ్మ ఎవరికీ చెప్పకుండా మందుల షాపుకెళ్ళి పరీక్ష చేసుకునే పట్టీ కొనుక్కొచ్చింది. రెండు గీతలు. రెండోది మొదటిదానికన్నా ముదురు. మా అమ్మ దాన్ని వెలుతుర్లో పెట్టి చూసి, నా దగ్గరకొచ్చి చూపించి, అక్కడితో ఆగక ఎదురింటావిడని కూడా పిలిచి చూపించింది. కుళాయి దగ్గర జుట్టు పట్టుకున్న మనుషులు ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు.

నా భార్య స్నానాలగది గుమ్మంలో కూర్చునే ఉంది.

"ఏమండీ, పోయినసారి కూడా ఇంతే ముదురుగా వచ్చింది."

"వస్తే మంచిదేగా."

"అందులో కనబడేది అదేనని డాక్టరమ్మ అన్నది గుర్తులేదా? ఒకసారి వెళ్దామండీ."

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదేం? ఇంట్లో ఇన్నాళ్ళకి నలుగురూ నవ్వుతుంటే నీకు ఓర్వలేకుండా ఉందా?" అన్నాను. అని, పళ్ళెం ముందునుంచి లేచి, సగం భోజనం వదిలేసి షెడ్డుకి వెళ్ళిపోయాను. నాకు కోపమొస్తే లేచి వెళ్ళిపోవడమే తెలుసు. చెయ్యి చేసుకునేవాణ్ణి కాదు. దాన్ని మంచితనమనుకునేవాణ్ణి.

తర్వాత దగ్గు మొదలైంది. వీధి చివర రోడ్డుకి తారు పోస్తున్నారు, ఆ పొగ ఇళ్ళన్నిటిలోకీ కొడుతోంది. అందరూ దగ్గుతున్నారు, తనూ దగ్గుతోంది అనుకున్నాం. ఒక పొద్దున తను నోరు పుక్కిలించి, తొట్టెలోకి వంగి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. నేను వెనకనుంచి వస్తున్నానని చూసి చెంబుడు నీళ్ళు గబుక్కున పోసేసింది. "ఏంటి?" అన్నాను. "ఏం లేదు" అంది. ఆరోజు నేను షెడ్డుకి వెళ్ళగానే ఫైలు తీసుకుని బస్సెక్కేసింది.

మధ్యాహ్నం ఓనరు గదిలో ఫోను మోగింది. ఆస్పత్రినుంచి. ఉన్నవాణ్ణి ఉన్నట్టే వెళ్ళాను.

డాక్టరమ్మ గదిలో నా భార్య బల్ల పక్కన స్టూలు మీద కూర్చునుంది. గోడకున్న వెలుగుపెట్టె మీద ఛాతీ ఫొటో. డాక్టరమ్మ పెన్నుతో రెండు చోట్ల చూపించింది. బఠాణీ గింజలంత తెల్లమచ్చలు. "స్కానింగులో గర్భం లేదు. ఆ మిగిలిందే మళ్ళీ పెరిగింది. రక్తం అర్జంటుగా చూపించాను, ఇప్పుడు పదకొండు వేలుంది." ఫైలు తిప్పింది. అట్ట మీద నా భార్య రాసిన చివరి అంకె దగ్గర వేలు పెట్టింది. "పద్దెనిమిది. ఆ తర్వాత ఏదీ లేదు. దిగడం ఆగిందంటే ఆ వారమే నా దగ్గర ఉండాలి కదా మీరు? మందులు అప్పుడైనా పడేవేమో, కానీ ఊపిరితిత్తులదాకా రానిచ్చేదాన్ని కాదు. ఎవరు మానమన్నారు?"

పంఖా తిరుగుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడున్నాను. గోళ్ళ నిండా నల్లటి గ్రీజు. నోరు తెరిస్తే రెండు మాటలు. నేనే ఆపాను. అంతకన్నా ఏం లేదు.

"నేనే మానేశానండీ" అంది నా భార్య. "తగ్గిపోయిందనుకున్నాను."

డాక్టరమ్మ చాలాసేపు తిట్టింది. చదువుకున్నదానివి కాదా అంది. అంకెలన్నీ ఇంత శుభ్రంగా రాసుకున్నదానివి ఎందుకు రాసుకున్నట్టు అంది. ప్రాణం మీద అంత తేలికా అంది. నా భార్య తల వంచుకుని ఊ కొట్టింది. నేను గోళ్ళు చూసుకుంటూ నిలబడ్డాను. తిట్టడం అయిపోయాక డాక్టరమ్మ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీరైనా గట్టిగా చెప్పుండాల్సింది" అంది.

నేను తలూపాను.

రోజు విడిచి రోజు సూది. నాలుగు సూదులు ఒక విడత. విడతకీ విడతకీ మధ్య వారం. ఈ జబ్బుకి మందు బాగా పనిచేస్తుందనీ, దాదాపు అందరికీ నయమవుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ దాదాపు అన్న మాట నాకు నిద్రలో కూడా వినబడేది. రెండో విడతకి నా భార్య నోరంతా పుండ్లు పడింది. చల్లటి పాలు చెంచాతో పోస్తే కళ్ళమ్మట నీళ్ళు కారేవి.

చూసుకోవడానికి వాళ్ళక్క వచ్చింది. మా వదిన నోరు పెద్దది. వార్డులోకి అడుగు పెడుతూనే చెల్లెలి నెత్తిమీద ఒక్కటి మొట్టి, "నీకు బుద్ధుందటే? ఎవరు మానమన్నారే నిన్ను? సూదికి భయపడి ప్రాణం పోగొట్టుకుంటావా?" అని, వెంటనే పక్కన కూర్చుని అరికాళ్ళు రాస్తూ ఏడ్చింది. నా భార్య నోరు తెరవలేదు. పుండ్లు కదా, తెరవలేకపోయింది అనుకోవచ్చు. ఒక్కసారి నా వైపు చూసింది. నేను పాలగ్లాసులో చెంచా తిప్పుతున్నాను.

"ఏం మరిదీ, నువ్వు మాత్రం ఏం చేస్తున్నావ్? చెవిపట్టుకుని లాక్కెళ్ళొద్దూ?" అంది వదిన.

"షెడ్డులో పని..." అన్నాను.

"మీరైనా చెప్పొద్దా అత్తయ్యగారూ?"

మా అమ్మ కిటికీ దగ్గర కూర్చునుంది. ఆ బుధవారం సాయంత్రం ముందు గదిలో కూర్చుని ప్రతి మాటా విన్న మనిషి. "చెప్తే వింటారామ్మా ఈ కాలం పిల్లలు" అంది.

నా భార్య గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ అదే పాట. ఎదురింటావిడ, టైర్ల షాపాయన భార్య, తనతో కుట్టుపని చేసేవాళ్ళు. పళ్ళు తెచ్చేవాళ్ళు, మంచం అంచున కూర్చునేవాళ్ళు, "ఎందుకమ్మా అలా చేశావ్" అనేవాళ్ళు. తను తలూపేది. నేను పళ్ళు కడిగేవాణ్ణి. ఎంత బాగా చూసుకుంటున్నాడో అని నా గురించి వార్డులో చెప్పుకున్నారు. ఆ మాట నా చెవిన పడితే బకెట్టు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి.

వెంట్రుకాయన కూడా ఒకరోజు వచ్చాడు. వరండాలో నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, నేనేదో మాటవరసకి అన్నాన్రా. నువ్వు నిజంగానే ఆపేస్తావని నాకేం తెలుసు" అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నాడు. ఆయన పోయి పదేళ్ళయింది. ఆరోజు ఆయన్ని అలా చూసి కూడా చాలా ఏళ్ళు నేను ఆయన్నే తిట్టుకున్నాను. తిట్టుకోవడానికి ఒకళ్ళుండడం సుఖం. ఆయన చెప్పింది ఇనుము సంగతి. దాన్ని మనిషికి పెట్టింది నేను.

మూడో విడత తర్వాత అంకె రెండొందల పది దగ్గర ఆగిపోయింది. మందు పనిచెయ్యడం మానేసింది. డాక్టరమ్మ ఈసారి బొమ్మలేం గియ్యలేదు. "వేరే మందులు కలిపి నరంలోకి ఎక్కించాలి. జుట్టు రాలుతుంది. తట్టుకోవాలి" అంది. ఆ వారం వానలు మొదలయ్యాయి. ఆస్పత్రి వరండాలో గొడుగులన్నీ వరసగా తెరిచి ఆరబెట్టి ఉండేవి. వాటి మధ్యనుంచి నడుచుకుంటూ నేను రోజూ ఒకటే మాట సిద్ధం చేసుకునేవాణ్ణి. ఈరోజు వదినకి చెప్తాను. ఈరోజు డాక్టరమ్మకి చెప్తాను. మంచం దగ్గరకొచ్చేసరికి ఏదో ఒక పని దొరికేది. చీటీ తేవాలి, బకెట్టు నింపాలి, డబ్బా కడగాలి. ఆస్పత్రిలో మనిషి నోరు మూసుకుని ఉండడానికి కావలసినన్ని పనులుంటాయి.

రెండొందల పది తొంభై అయింది. తొంభై పదకొండయింది. తర్వాత మూడు. ఆ తర్వాతి వారమూ, దాని తర్వాతి వారమూ ఐదు లోపే. ఊపిరితిత్తుల్లో ఒక మచ్చ పోయింది, ఇంకోటి గీతలా మిగిలింది. అది మానిన గాయం గుర్తేనని డాక్టరమ్మ చెప్పింది.

ఆ కబురు చెప్పిన రోజు వాన లేదు. తలకి గుడ్డ కట్టుకుని నా భార్య అదే స్టూలు మీద కూర్చుంది. ఫైలు తన ఒళ్ళోనే ఉంది. ఇక నెలకోసారి వస్తే చాలనీ, ఏడాదిపాటు ఒక్కటి కూడా తప్పకూడదనీ, ఆ తర్వాత కావాలనుకుంటే పిల్లల్ని కనొచ్చనీ, చాలామందికి మామూలుగానే పుడతారనీ డాక్టరమ్మ చెప్పింది. చెప్పి, "ఈసారి మానేస్తే మాత్రం నా గుమ్మం ఎక్కకు" అని నవ్వింది. నా భార్య కూడా నవ్వబోయింది.

"అమ్మా, తను మానలేదు" అన్నాను. "నేనే ఆపించాను. వెళ్తానంటే నేనే వద్దన్నాను."

డాక్టరమ్మ నా మొహంలోకి చూసింది. పెన్ను మూత పెట్టింది. తిడుతుందని నిలబడ్డాను. తిట్లు ఎన్నయినా పడదామనే నిలబడ్డాను.

"అది ఇప్పుడు నేనేం చేసుకోను?" అంది. అని గుమ్మంవైపు చూసి, "తర్వాత ఎవరమ్మా?" అని పిలిచింది.

బయటికొచ్చాం. బస్టాపు దాకా ఆమె ముందు, నేను వెనక. అక్కడ బెంచీ ఇంకా తడిగా ఉంటే నేను జేబురుమాలుతో తుడిచాను. తను కూర్చోలేదు.

"ఎందుకు చెప్పారు?" అంది.

"మనసాగలేదు."

"ఆరోజు ఆగిందిగా."

రోడ్డవతల ఒకతను షట్టరుకి రంగు వేస్తున్నాడు. కాసేపు ఇద్దరం అతన్నే చూశాం.

"ఆరోజు మిమ్మల్ని అంటే మీకు కోపమొస్తుందనుకున్నాను" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు ఎన్నింటికో చెప్తున్నట్టు చెప్పింది. "కోపమొస్తే లేచి వెళ్ళిపోతారు. ఛాతీలో అలాంటివి ఉన్నాయని అప్పుడే చెప్పారు నాకు. అక్కడ ఒక్కదాన్నే ఉండిపోతానేమోనని భయమేసింది. అందుకే నామీద వేసుకున్నాను."

వెళ్ళేవాణ్ణి కాదు అందామనుకున్నాను. పెదాలదాకా వచ్చింది. అనలేకపోయాను. వెళ్ళేవాణ్ణేమో.

బస్సొచ్చింది. ముందు ఆమె ఎక్కింది. ముందు వరసలో ఒక చోటుంది, చివర్లో ఒక చోటుంది. ఆమె ముందు కూర్చుంది. నేను వెనక్కెళ్ళాను. మా స్టాపొచ్చేదాకా మనుషుల తలల మధ్యనుంచి ఆ తలగుడ్డ కనబడుతూనే ఉంది. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.